కాగితాలన్నీ ఒక్క మాట మీదుండాలి

మా చేజర్ల మండలంలో ఒక గ్రామ సచివాలయం. సాయంత్రం ఐదు దాటింది. నిమ్మతోటలో కాయ కోసి నేరుగా అక్కడికే వచ్చిన ఒక తల్లి వేలిముద్రల మిషను ముందు నిలబడి ఉంది. పక్కన కూతురు, డిగ్రీ మొదటి సంవత్సరం. తల్లి కుడి బొటనవేలు పెట్టింది, పడలా. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, పడలా. ఎడమచెయ్యి అయింది, చూపుడువేలు అయింది, కొబ్బరినూనె రాసి కూడా చూశారు. "ఏంది సార్, నేను నేను కాదంటుందా ఇది?" అని అడిగింది. ఆ వేళ్లను దగ్గర్నించి చూశాను. నిమ్మముళ్లు గీరిన గీతలే తప్ప పుట్టుకతో వచ్చిన గీతలు కనపడటం లేదు.

ఆ పిల్లకు సీటు ఉంది, మార్కులు ఉన్నాయి, అర్హత ఉంది. ఫీజు సాయం మాత్రం తల్లి వేలి దగ్గర ఆగింది.

సాయంత్రాల్లో పిల్లల దరఖాస్తులు చూసిపెట్టడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. నా ముందుకొచ్చిన వాటిలో నిజంగా అర్హత లేక పోయినవి తక్కువ. కాగితానికీ కాగితానికీ పొంతన కుదరక పోయినవే ఎక్కువ. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకు పుస్తకంలో మరో పేరు. పెళ్లయి అత్తారింటికి పోయిన అక్క ఇంకా పుట్టింటి లెక్కలోనే ఉంటుంది. అమ్మేసిన కారు ఇంకా నాయన పేరు మీదే ఉంటుంది. అందుకే ఈ దరఖాస్తు కాలేజీలో మొదలవుతుందని నేను అనుకోను. అది ఇంట్లో, ట్రంకుపెట్టెలో ఉన్న కాగితాల దగ్గర మొదలవుతుంది. ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన వేసవిలోనే మొదలుపెట్టాలి.

ముందు ఈ సాయం ఏమిటో చూద్దాం. ఊళ్లో అందరూ "ఫీజు రీయింబర్స్‌మెంట్" అంటారు. ఆఫీసు కాగితాల్లో రెండు మాటలు కనపడతాయి: ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్. ఆర్టీఎఫ్ అంటే కాలేజీకి కట్టాల్సిన ఫీజు. ఎంటీఎఫ్ అంటే తిండికీ బసకీ ఇచ్చే డబ్బు. 2019లో వీటికే జగనన్న విద్యాదీవెన, వసతిదీవెన అని పేర్లు పెట్టారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అనే పాత పేరుకు వచ్చారు. పేరు మారినప్పుడల్లా పథకమే పోయిందేమోనని కంగారుపడి నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఆఫీసులో ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్ అని అడిగితే ఏ ప్రభుత్వంలోనైనా ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

దీని వేరు చాలా లోతుగా ఉంది. షెడ్యూల్డు కులాల పిల్లలకు పదో తరగతి తర్వాతి చదువుకి స్కాలర్‌షిప్ ఇవ్వడం 1944లో, అంబేడ్కర్ వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడిగా ఉన్న కాలంలో మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక గిరిజనులకు విస్తరించింది. మన రాష్ట్రంలో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం అర్హత ఉన్న ప్రతి బీసీ విద్యార్థికీ ఫీజు మొత్తం కడతామని ముందుకొచ్చింది. ఆ మరుసటేడు ఈబీసీలకు కూడా ఇచ్చారు. మెట్టప్రాంతంలో ఇంటికొక ఇంజనీరు కనపడటం అప్పుడే మొదలైంది. తర్వాత 2012లో ఎంసెట్ ర్యాంకు పదివేలు దాటిన బీసీ, ఈబీసీ పిల్లలకు ఇంజనీరింగ్ ఫీజులో 35 వేల రూపాయలే ఇస్తామని హద్దు పెట్టారు. 2019 నవంబరు 30న వచ్చిన జీవో 115 ఆ హద్దు తీసేసి, అందరికీ ఒకే ఆదాయ పరిమితి పెట్టింది. ఇప్పటికీ అర్హత గురించి మాట్లాడేటప్పుడు ఆ జీవోలోని లెక్కలే ఆధారం.

ఆ లెక్కలు ఇవి. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల రూపాయలకు మించకూడదు. మాగాణి అయితే పదెకరాల లోపు, మెట్ట అయితే ఇరవై ఐదెకరాల లోపు, రెండూ కలిపి ఉంటే మొత్తం ఇరవై ఐదెకరాల లోపు ఉండాలి. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, పెన్షనరు ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం ఈ నిబంధన లేదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే అడ్డంకి కాదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. పట్టణంలో 1,500 చదరపు అడుగులకు మించిన ఇల్లు ఉండకూడదు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈబీసీ, కాపు, మైనారిటీ, దివ్యాంగ విద్యార్థులు అందరూ ఇందులోకి వస్తారు. ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్, ఆపైన. ఇంటర్ పిల్లలు ఇందులోకి రారు. వాళ్లకు ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా తల్లికి ఇచ్చే పథకం వేరే ఉంది, ఇప్పుడు దాని పేరు తల్లికి వందనం.

ఇక్కడ మా మెట్టవాళ్లు తరచూ పొరపడే చోటు ఒకటుంది. నిదానంగా చదవండి.

ఉదయగిరి కొండ కింద ఊళ్లలోనూ, పెన్నకు దూరంగా ఉన్న మా పల్లెల్లోనూ పదిహేను, ఇరవై ఎకరాల పొలం ఉన్న రైతు కనపడటం వింత కాదు. వాన పడితే పంట, లేకపోతే బీడు. ఇట్లాంటి ఇంటికి రైస్ కార్డు రాదు. ఎందుకంటే రైస్ కార్డుకు భూమి హద్దు వేరు: మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు, అంతే. నెలకు 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం కూడా కార్డుకు అడ్డం. కార్డు రాలేదు కాబట్టి ఫీజు కూడా రాదని ఆ రైతు అనుకుంటాడు. దరఖాస్తే పెట్టించడు. పిల్లవాడి ఫీజు కోసం వడ్డీకి తెస్తాడు. నిజానికి ఫీజు సాయానికి భూమి హద్దు ఇరవై ఐదెకరాల మెట్ట. ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తెచ్చుకుని దరఖాస్తు చేసుకోవచ్చు. రైస్ కార్డు ఉన్న ఇంటికి ఆ కార్డు ఆదాయానికి రుజువుగా పనికొస్తుంది, లేని ఇంటికి ధ్రువపత్రం పనికొస్తుంది. కార్డు లేకపోవడం అనర్హత కాదు. ఈ ఒక్క ముక్క తెలియక అప్పుల్లో పడ్డ ఇళ్లను నేను చూశాను. అందుకే ఎవరింటికి పోయినా ముందు ఇదే చెబుతుంటాను.

ఇక సీటు సంగతి. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే కాలేజీల తరఫు మనుషులు ఊళ్లలో తిరుగుతారు. సర్టిఫికెట్లు మాకిచ్చేయండి, ఫీజంతా గవర్నమెంటే కడుతుంది, బస్సు ఫ్రీ అంటారు. ఒరిజినల్స్ ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. ఫీజు సాయం వచ్చేది కౌన్సెలింగ్‌లో, కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో నూటికి డెబ్బై సీట్లు కన్వీనర్ కోటా, ముప్పై మేనేజ్‌మెంట్ కోటా. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, స్పాట్ అడ్మిషన్‌లో చేరినా, దూరవిద్యలో చేరినా ఈ సాయం లేదు. అదే కాలేజీ, అదే బెంచీ, పక్కపక్కనే కూర్చున్న ఇద్దరు పిల్లలు. ఒకరికి ఫీజు వస్తుంది, ఒకరికి రాదు. తేడా అంతా అలాట్‌మెంట్ ఆర్డరులో ఉంటుంది. డిగ్రీ సీట్లు కూడా 2020 నుంచి ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్‌లోనే ఇస్తోంది. ఇంటి దగ్గరి డిగ్రీ కాలేజీ అయినా ఆన్‌లైన్‌లో ఆప్షన్ పెట్టి, సీటు అలాటయ్యాక చేరాలి. పీజీ చేయాలనుకునేవాళ్లకు ఇంకో మాట. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఫీజు సాయం ఆపేసింది. కాబట్టి ప్రైవేటు పీజీలో చేరేముందు ఆ ఏటి ఉత్తర్వు ఏం చెబుతోందో కళ్లారా చూసి చేరండి. యూనివర్సిటీ కాలేజీలో సీటొస్తే ఆ బెడద లేదు. మనకు కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఉంది.

ఇప్పుడు ట్రంకుపెట్టె తెరుద్దాం.

అన్నిటికీ మూలం పదో తరగతి మెమో. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అందులో ఎట్లా ఉంటే మిగతా కాగితాలన్నీ అట్లా ఉండాలి. మన పేర్లతో పెద్ద చిక్కు ఇంటిపేరు. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం పొట్టిగా ఉంటుంది, బ్యాంకులో చివర పడుతుంది. మనిషి చూస్తే ఒక్కరేనని తెలుస్తుంది. కంప్యూటరుకు ఆ ముగ్గురూ వేరు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి జీవితం మొత్తంలో రెండుసార్లే అవకాశం, పుట్టిన తేదీ మార్చడానికి ఒక్కసారే. కాబట్టి హడావుడిగా ఎవరో చెప్పిన స్పెల్లింగు పెట్టించి ఒక అవకాశం పోగొట్టుకోకండి. మెమో చేత్తో పట్టుకుపోయి, అక్షరం అక్షరం చూపించి, రసీదు మీద కూడా సరిచూసుకుని రండి.

ఇంకొకటి. పిల్లలకు ఏడెనిమిదేళ్ల వయసులో ఆధార్ తీయించి ఉంటారు. ఆ వేళ్లు పెరిగాయి. పదిహేనేళ్లు నిండాక వేలిముద్రలు, కంటిపాప, ఫోటో మళ్లీ ఇవ్వాలన్నది నిబంధన. చాలా ఇళ్లలో ఎవరూ ఇవ్వరు. చివరికి కాలేజీలో వేలు పెట్టినప్పుడు పడదు. అప్పుడు ఆధార్ సెంటరు దగ్గర పొడుగాటి వరస, క్లాసులు పోతాయి. ఇది వేసవిలో ఒక్క పూటలో తీరే పని.

కులం, స్థానికత, పుట్టిన తేదీ మూడూ కలిపి ఇచ్చే ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ సచివాలయంలోనో మీసేవలోనో అడగాలి. 2025 జనవరిలో వచ్చిన మన మిత్ర వాట్సాప్ సేవ (నంబరు 95523 00009) ద్వారా కూడా ధ్రువపత్రాలకు పెట్టుకోవచ్చు. ఫలితాలు వచ్చాక అందరూ ఒక్కసారే పోతారు, తహసీల్దారు కార్యాలయంలో గుట్టలు పడతాయి. ఏప్రిల్‌లో పోయినవాడికి నాలుగు రోజుల పని, జూలైలో పోయినవాడికి కౌన్సెలింగ్ గడువు మీద పడే పని.

కులపత్రం అనగానే నాకు యానాదుల పిల్లలు గుర్తొస్తారు. నెల్లూరు జిల్లాలో గిరిజనులంటే ముఖ్యంగా యానాదులే. వాళ్ల కోసం జీవితమంతా పనిచేసి, పుస్తకం రాసి, పద్మభూషణ్ అందుకున్న వెన్నెలకంటి రాఘవయ్య ఈ జిల్లావాడే. ఇంతకాలం గడిచినా చెరువు కట్టల మీద, వాగుల పక్కన ఉండే ఆ ఇళ్లలో ఇప్పటికీ పుట్టిన తేదీ కాగితం లేనివాళ్లు, తల్లిదండ్రులకు ఆధార్ లేనివాళ్లు కనపడతారు. అందరికంటే ఎక్కువ సాయం అందాల్సింది ఆ ఇంటి పిల్లకే. అందరికంటే తక్కువ కాగితాలున్న పిల్ల కూడా ఆమే. వాళ్ల దగ్గర మనం మొదట తీసుకోవాల్సింది బడి రికార్డు. ఊళ్లో బడిలో చేరిన రోజున అడ్మిషన్ రిజిస్టరులో రాసిన పేరు, కులం, తేదీ మీద ఆధారపడి మిగతావి ఒక్కొక్కటే కట్టుకుంటూ పోవాలి. అందుకు రెండు నెలలు పట్టొచ్చు. పదో తరగతి చదువుతున్నప్పుడే టీచరు పూనుకుంటే ఆ పిల్ల చదువు నిలబడుతుంది.

కాగితాల తర్వాత ఇంటి లెక్క. 2019 అక్టోబరు 2న సచివాలయాలు వచ్చాక ప్రతి కుటుంబాన్నీ ఒక గుంపుగా కంప్యూటరులో ఎక్కించారు. దీన్నే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ అంటున్నారు. ఎవరెవరు ఒక ఇంటివాళ్లో అది చెబుతుంది. ఆ ఇంట్లో ఎవరికి భూమి ఉంది, ఎవరికి కారు ఉంది, ఎవరు పన్ను కడుతున్నారు అనేది ఆయా శాఖల లెక్కల నుంచి ఆధార్ నంబరు పట్టుకుని తెస్తుంది. విద్యార్థి ఏ గుంపులో ఉంటే ఆ గుంపు అర్హతే విద్యార్థి అర్హత. ఇక్కడ తగిలే దెబ్బలు ఎక్కువగా నాలుగు రకాలు.

బెంగళూరులో ఉద్యోగం చేసే అన్న ఉంటాడు. పెళ్లయి వేరే కాపురం. ఇంటి గుంపులో నుంచి పేరు మాత్రం తీయలేదు. అన్న పన్ను కడితే తమ్ముడి ఫీజు పోతుంది. పెళ్లయిన కొడుకును విడదీసి వేరే కుటుంబంగా చూపించమని సచివాలయంలో అడగొచ్చు. పెళ్లి ధ్రువపత్రం తీసుకుపోవాలి. పెళ్లయి వెళ్లిన అక్క విషయంలోనూ అంతే.

నాయన పాత కారు అమ్మేశాడు. కొన్నవాడు పేరు మార్పించుకోలేదు. రవాణాశాఖ లెక్కలో కారు ఇంకా మనదే. ఆర్‌సీ బదిలీ చేయించే దాకా ఆ కారు మనింటి ముందే నిలబడి ఉన్నట్టు లెక్క.

తాత పేరున ముప్పై ఎకరాలు. కొడుకులు ముగ్గురూ ఎప్పుడో పంచుకున్నారు, నోటిమాట మీద, గట్లు వేసుకుని. భూమి రికార్డు 1బీలో మాత్రం తాత పేరే. తాత ఏ కొడుకు ఇంటి గుంపులో ఉన్నాడో ఆ మనవడికి ముప్పై ఎకరాల ఆసామి మనవడని అనర్హత. భాగపరిష్కారం రిజిస్టరు చేయించి మ్యుటేషన్ పెట్టించడమే మార్గం. మీభూమి వెబ్‌సైటులో మీ భూమి ఖాతా తీసి చూసుకోండి. ఎవరిదో భూమి మన ఆధార్‌కు ఎక్కి ఉండటం కూడా జరుగుతుంది. అది తప్పని అర్జీ పెట్టి, వీఆర్వో చేత పరిశీలన చేయించి తీయించుకోవాలి.

నాలుగోది చాలామందికి తట్టదు. బ్యాంకు లోను కోసం ఎవరో ఆడిటరు చెప్పాడని, నిజంగా లేని ఆదాయం చూపించి రిటర్ను దాఖలు చేసి ఉంటారు. లోను వచ్చిందో రాలేదో గానీ ఆ రిటర్ను మూడేళ్ల తర్వాత కూతురి ఫీజుకు అడ్డం పడుతుంది. ఇంట్లో చదువుకునే పిల్లలున్నవాళ్లు ఇట్లాంటి సలహాలు వినవద్దు.

సచివాలయంలో వీటిని చూసే ఉద్యోగి వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంటు. ఆయన్ని ఏప్రిల్‌లో ఒకసారి కలిసి, మా ఇంటి మ్యాపింగ్ ఒకసారి చూపించండి అని అడగండి. తెర మీద మీ ఇంటివాళ్ల పేర్లు, ఎదురుగా ఏదైనా అడ్డం ఉంటే అది కనపడుతుంది. అర్హత లేదు అని నోటిమాటగా చెబితే ఊరుకోకండి. ఏ కారణంతో లేదో కాగితం మీద తీసుకోండి. కారణం తెలిస్తే సగం పని అయినట్టే.

బ్యాంకు దగ్గర జరిగే పొరపాటు ఇంకోరకం. "ఆధార్ లింకయింది" అని పుస్తకం చూపిస్తారు. ఒకే ఆధార్‌ను నాలుగు ఖాతాలకు లింకు చేసుకోవచ్చు. ప్రభుత్వం పంపే డబ్బు మాత్రం ఒక్క ఖాతాకే పోతుంది. ఆ ఒక్కటి ఏదో ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గరున్న పట్టికలో రాసి ఉంటుంది. కొత్త బ్యాంకులో ఖాతా తెరిచి, వాళ్లిచ్చిన ఫారం మీద చదవకుండా సంతకం పెడితే ఆ పట్టికలో పాత బ్యాంకు పోయి కొత్తది వస్తుంది. అప్పటి నుంచి డబ్బు అక్కడ పడుతుంటుంది, మనం ఇక్కడ ఎదురుచూస్తుంటాం. ఒక పిల్లవాడు ఏడాదిపాటు వసతి డబ్బులు రాలేదని తిరిగాడు. చివరికి చూస్తే ఇంటర్‌లో ఉన్నప్పుడు సిమ్ము కొంటూ తెరిచిన ఖాతాలో భద్రంగా ఉన్నాయి. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఏ బ్యాంకుకు పోతుందో తెలిసిపోతుంది. దరఖాస్తుకు ముందు అది చూడండి. ఏళ్ల తరబడి వాడని ఖాతా అయితే బ్యాంకుకు పోయి కేవైసీ ఇచ్చి బతికించుకోండి.

కాలేజీలో చేరాక పని చాలావరకు కాలేజీదే. రాష్ట్రంలో దీనికి జ్ఞానభూమి అనే పోర్టల్ ఉంది. తెలంగాణలో ఉన్న ఈ-పాస్ పోర్టల్ వేరు, అక్కడి నిబంధనలు వేరు. కాలేజీవాళ్లు విద్యార్థి వివరాలు జ్ఞానభూమిలో ఎక్కిస్తారు, విద్యార్థి వేలిముద్ర తీసుకుంటారు, ప్రిన్సిపల్ ఆమోదిస్తారు, తర్వాత పరిశీలన సచివాలయానికి వస్తుంది. ఇక్కడ విద్యార్థి చేయాల్సిన పని చిన్నదే కానీ వదలకూడనిది: ఎక్కించిన దరఖాస్తు ప్రింటు అడిగి తీసుకోవాలి. కులం సరిగా పడిందా, కోర్సు సరిగా పడిందా, హాస్టలా ఇంటి నుంచా, సెట్ హాల్‌టికెట్ నంబరు, రైస్ కార్డు నంబరు అన్నీ అక్కడే కూర్చుని చదవాలి. వందలమందివి ఒకే మనిషి రాత్రిదాకా ఎక్కిస్తుంటాడు, తప్పు పడటం సహజం. పడిన రోజున దిద్దడం నిమిషాల పని. ప్రిన్సిపల్ ఆమోదం అయిపోయాక దిద్దించడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. రెండో ఏడు, మూడో ఏడు కూడా రెన్యువల్ అడిగి చేయించుకోవాలి. మొదటి ఏడు వచ్చింది కదా అని ఊరుకున్నవాళ్లకు రెండో ఏడు ఆగిన సందర్భాలున్నాయి. హాజరు నూటికి డెబ్బై ఐదు ఉండాలి.

ఎంత వస్తుంది? ఆర్టీఎఫ్ కింద ప్రభుత్వం ఆ కాలేజీకి ఆ కోర్సుకు ఖరారు చేసిన ఫీజు వస్తుంది. ప్రైవేటు ఇంజనీరింగ్‌లో అది కాలేజీని బట్టి ఏడాదికి సుమారు 40 వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. బస్సు చార్జీ, ప్రైవేటు హాస్టల్ ఖర్చు ఇందులో ఉండవు. జీవో 115లో వసతి డబ్బు ఐటీఐకి 10 వేలు, పాలిటెక్నిక్‌కి 15 వేలు, డిగ్రీ ఆపైన 20 వేలు ఏడాదికి, రెండు విడతల్లో అని రాశారు.

డబ్బు ఎవరి చేతికి వస్తుందన్నది చాలాసార్లు మారింది. 2019కి ముందు కాలేజీకి పోయేది. తర్వాత తల్లి ఖాతాకు వచ్చింది. ఆపైన తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతా అన్నారు. 2024-25 నుంచి ఫీజు మళ్లీ నేరుగా కాలేజీకే పోతోంది. ఎస్సీ విద్యార్థుల సంగతి కొంచెం వేరు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఎస్సీల పోస్ట్ మెట్రిక్ పథకాన్ని సవరించి ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరించాలని, కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాలో వేయాలని తీర్మానించింది. అంటే ఎస్సీ విద్యార్థి ఖాతాలో హఠాత్తుగా వేల రూపాయలు కనపడితే అది చేతిఖర్చు డబ్బు కాదు, కాలేజీ ఫీజు. వచ్చిన వారంలో కాలేజీలో కట్టి రసీదు తీసుకోవాలి. ఇది పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. ఇంట్లో అప్పులున్నప్పుడు ఆ డబ్బు చేతికొస్తే ఆగడం కష్టమని నాకు తెలుసు. అది ఖర్చయిపోతే చివరి ఏడాదిలో సర్టిఫికెట్ల దగ్గర బిడ్డ నిలబడిపోతుంది.

ఆలస్యం గురించి కూడా దాచకుండా చెప్పాలి. ప్రభుత్వం విడుదల చేయాల్సిన ఫీజు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బాకీ పడుతుంది. అన్ని ప్రభుత్వాల హయాంలోనూ ఇది జరిగింది. ఆ బరువు చివరికి విద్యార్థి మీద పడుతుంది. హాల్‌టికెట్ ఇవ్వం అంటారు, ఫీజు కట్టి సర్టిఫికెట్లు పట్టుకుపొమ్మంటారు. మా ఊరి అమ్మాయి ఒకామెకు ఉద్యోగం వచ్చింది. చేరాల్సిన రోజు దగ్గరపడుతుంటే కాలేజీ ఒరిజినల్స్ ఆపింది. నాయన బంగారం తాకట్టుపెట్టి కట్టాడు. సర్కారు కట్టాల్సిన డబ్బుకు ఆయన వడ్డీ కట్టాడు. ఇది అన్యాయం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో కాలేజీలకు స్పష్టంగా చెప్పింది. ఆ ఉత్తర్వు ప్రింటు తీసి, దరఖాస్తుకు జతచేసి ప్రిన్సిపల్‌కు ఇచ్చి, రసీదు అడగండి. ఫలితం లేకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి, లేదా 1100కు ఫోన్ చేయండి. అర్జీ నంబరు లేకుండా వెనక్కి రాకండి. పరిశీలన ఎంతవరకు వచ్చిందో ఆ నంబరుతోనే అడగగలం.

ఆదాయం రెండున్నర లక్షలు దాటిన ఇళ్లకు కూడా తలుపులు మూసుకుపోలేదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్ బోర్డు పరీక్షలో 80వ పర్సంటైల్ పైన వచ్చి, కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపున్నవారికి డిగ్రీలో ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు ఇస్తారు. దేశం మొత్తానికి ఏటా 82 వేల కొత్త స్కాలర్‌షిప్పులు. ఇంజనీరింగ్, డిప్లొమాలో చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి కింద ఏడాదికి 50 వేలు, ఆదాయం ఎనిమిది లక్షల దాకా, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా. దివ్యాంగులకు సక్షమ్ కింద కూడా అంతే మొత్తం. ఇవి రాష్ట్ర ఫీజు సాయంతో కలిపి తీసుకునేవి కావు. లెక్క వేసుకుని ఏది ఎక్కువో అది ఎంచుకోవాలి.

బ్యాంకు లోను కావాలన్నా భయపడక్కర్లేదు. నాలుగు లక్షల దాకా చదువు లోనుకు తాకట్టు అడగరు. చదువు అయ్యాక ఇంకో ఏడాది వరకు వాయిదాలు మొదలు కావు. ఆదాయం నాలుగున్నర లక్షల లోపుండి, గుర్తింపు ఉన్న కాలేజీలో వృత్తివిద్య చదివితే ఆ కాలం వడ్డీని కేంద్రం భరించే పథకం ఉంది. కేంద్రం ఎంపిక చేసిన పేరున్న సంస్థల్లో ఎక్కడ సీటు వచ్చినా 2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద హామీదారు లేకుండా లోను ఇస్తారు. ఆదాయం ఎనిమిది లక్షల లోపైతే పది లక్షల లోను వరకు వడ్డీలో మూడు శాతం తగ్గింపు.

నిమ్మతోట తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం మిషను కట్టేసి సచివాలయం ఉద్యోగి, "అమ్మా, రేపు పొద్దున్నే పనికి పోకముందు రా, కంటిపాప మిషను తెప్పిస్తా" అన్నాడు. ఆమె కూలి ఒక పూట పోతుందని కాసేపు గొణిగింది. అయినా మర్నాడు ఏడున్నరకే వచ్చి బెంచీ మీద కూర్చుంది. మిషను కళ్లకు దగ్గరగా పెట్టారు. "రెప్ప కొట్టబాకమ్మా" అని కూతురు పక్కనుంచి చెబుతూ ఉంది. ఒకటోసారి రెప్ప పడింది. రెండోసారి తెర మీద పచ్చగీత వచ్చింది. ఆమె తోటకు పోయింది, కూతురు కాలేజీ బస్సు ఎక్కింది. పదిరోజులకు సచివాలయం గోడ మీద అర్హుల జాబితా అంటించారు. ఆ పిల్ల వేలు పెట్టి వరసగా చూసుకుంటూ వచ్చి, తన పేరు దగ్గర ఆగి, ఇంటిపేరు స్పెల్లింగు ఒకసారి చదువుకుని, ఫోనులో ఫోటో తీసుకుంది.